చెక్క గోడకు అటూ ఇటూ

మొన్న మా అపార్టుమెంటులో నర్సమ్మగారు పోయారు. ఉద్యోగం విరమించి వచ్చిన నాటి నుంచీ మా పక్క ఫ్లాటులోనే ఉన్న మనిషి. లిఫ్టు దగ్గర ఎదురుపడితే మోకాళ్ళ నొప్పుల గురించీ, నీళ్ళ ట్యాంకరు ఇంకా రాలేదన్న సంగతి గురించీ కాసేపు నిలబడి మాట్లాడుకుని, ఆ తర్వాత ఎవరి తలుపు వాళ్ళం వేసుకునేవాళ్ళం. పార్కింగులోంచి స్కూటర్లు తీయించి అద్దాల పెట్టె దించారు. పెద్దకొడుకు వెళ్ళే చర్చి వేరు, చిన్నకొడుకు వెళ్ళే చర్చి వేరు కాబట్టి పాస్టర్లు ఇద్దరు వచ్చి, ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని, ముందు ఎవరు మాట్లాడాలో తేలక మైకు వైరు సరిచేసే కుర్రాడి వంక చూస్తున్నారు. ఆ సందట్లో చిన్నకొడుకు నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, అమ్మ పని చేసుకుంటూ ఎప్పుడూ ఒక పాట పాడుకునేది. అన్నయ్య ఒకటంటున్నాడు, నేనొకటంటున్నాను. మీది పక్క ఫ్లాటే కదా, మీకేమన్నా తెలుసా?" అని అడిగాడు.

"గుర్తొస్తే చెబుతాను నాయనా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గుర్తు రావడానికి ఎప్పుడన్నా వింటే కదా. కానీ అలా కూర్చున్నంతసేపూ నా చెవిలో వేరే పాట ఒకటి, నా భాష కానిదీ, నా మతం కానిదీ, మొదటి చరణం లేకుండా రెండో చరణం దగ్గరే మొదలయ్యేదీ, తిరుగుతూనే ఉంది. అది నేను డెబ్బైల నడిమి కాలంలో మస్కట్ పక్కన మత్రాలో, ఒక చెక్క గోడకు ఇవతల నిలబడి నేర్చుకున్న పాట.

మాది తెనాలి, గుడ్డల కొట్టు. నాకు మాటలు రాకముందే బేరాలు వచ్చాయని మా మేనత్త అనేది. కొనడానికి వచ్చినవాడు కొట్టు మెట్టు దిగి చెప్పులు వేసుకునే తీరును బట్టి, నిజంగానే పోతున్నాడో, వెనక్కి పిలిపించుకోవడానికి పోతున్నాడో గల్లాపెట్టె పక్కన కూర్చుని చెప్పేసేదాన్ని. ఇంత విద్య ఉన్నదాన్ని నా పెళ్ళి దగ్గర మాత్రం ఒక్క బేరమూ ఆడలేదు. పెళ్ళికొడుకు ఉద్యోగం ఒమాన్‌లో అనగానే సముద్రం ఎదురుగా మేడ, మేడ మీద వరండా, వరండాలో ఉయ్యాల, ఇలా నాకు నేనే అన్నీ కలిపేసుకుని తల ఊపేశాను. సముద్రం వరకూ నిజమే.

మా ఆయన రోడ్లు వేసే కంపెనీలో స్టోర్ కీపరు. సైటు ఇబ్రా దారిలో, కొండల అవతల. అక్కడ ఆడవాళ్ళు ఉండే వీలు లేదు కనుక నన్ను మత్రాలో, ఒడ్డు మేడల వెనక సందులో, ఒక కచ్ఛీ సేఠు పాత ఇంట్లో ఉంచారు. తాను గురువారం సాయంత్రం, అదీ లారీ దొరికితే, కనుబొమలు కూడా తెల్లబడేంత దుమ్ముతో వచ్చి, శుక్రవారమంతా నిద్రపోయి, శనివారం తెల్లవారగానే వెళ్ళిపోయేవారు. ఇంటి కింద సేఠుగారి గోదాము. ఎండు నిమ్మకాయలూ యాలకులూ కలిసిన వాసన మెట్ల మీదుగా ఎక్కి వచ్చి నా చీరలకు పట్టేది. పై అంతస్తును రెండు వాటాలు చేయడానికి ఇటుక గోడ కడితే పాత దూలాలు మోయవని సేఠు నడుమ చెక్కలతో అడ్డు కొట్టించాడు. ఇల్లు చూసిన రోజే నేను ఆ చెక్కను వేలి కణుపుతో తట్టి, "సేఠ్‌జీ, గోడే లేని ఇంటికి అద్దె ఏమిటండీ" అని హిందీలో మొదలుపెట్టి, ఆయన టీ చల్లారిపోయేదాకా వదలకుండా అద్దె కొంత తగ్గించుకున్నాను. మా ఆయన సిగ్గుతో కిటికీలోంచి సముద్రం చూస్తూ నిలబడ్డారు.

ఆయన వెళ్ళిపోయాక మిగిలిన రోజులు ఎలా గడిచేవో ఆ కాలంలో అలాంటి చోట ఉన్న నా ఈడు ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఫోను లేదు, టీవీ మాట అలా ఉంచండి, ఉన్న ట్రాన్సిస్టరులో గరగర తప్ప తెలుగు వినపడదు. పొద్దున్నే సంచి తీసుకుని సూక్‌కు, అంటే అక్కడి బజారుకు పోయి, ఒక పావు బెండకాయలకు, ఒక కొత్తిమీర కట్టకు గీచి గీచి బేరమాడేదాన్ని. నన్ను చూస్తే బలూచీ కూరగాయలవాడు నవ్వుతూ తల కొట్టుకునేవాడు. చూసేవాళ్ళు పిసినారిదనుకున్నారు గానీ, నిజానికి నేను బేరమాడింది నాలుగు బైసాల చిల్లర కోసం కాదు, మాటల కోసం. బేరం తెగేదాకా ఎదుటివాడు నాతో మాట్లాడక తప్పదు కదా. ఒకనాడు వాడు నమాజుకు వేళవుతోందని నేను అడిగిన మొదటి ధరకే తూచి సంచిలో పోసేశాడు. చవకగా వచ్చిన ఆ బెండకాయలతో ఇంటికి వచ్చి కూర్చుంటే, ఎవరో నా సొమ్ము ఎత్తుకుపోయినట్టు ఆ రోజంతా ఏమీ తోచలేదు. ఒక్కొక్కసారి ఒడ్డున రేవు పనివాళ్ళు, కరీంనగర్ నిజామాబాద్ వైపు వాళ్ళు, వాళ్ళ తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటూ పోతుంటే, నాకు అటు పనేమీ లేకపోయినా వాళ్ళ వెనకే కొంత దూరం నడిచి, పలకరించే ధైర్యం లేక, వాళ్ళు మలుపు తిరిగాక తిరిగి వచ్చేసేదాన్ని.

నా వాలకం చూసి మా ఆయనే ఎం.ఏ. ప్రైవేటుగా కట్టమన్నారు. చరిత్ర తీసుకున్నాను, సరుకు లేని సబ్జెక్టు, కంఠస్థం పడితే చాలుననుకుని. అందులో పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ఒక పేపరు. ఆ పేపర్లో మతమూ రాజకీయమూ అని ఒక భాగం. రాణిగారే పెద్దగా ఉన్న సర్కారీ చర్చికి చెందనివాళ్ళు, చాపెలు అనే తమ సొంత గుళ్ళకు పోయేవాళ్ళు, ఏయే హక్కులు లేకుండా బతికారు. కేథలిక్కులను పార్లమెంటులో కూర్చోనిచ్చింది ఎప్పుడు, యూదులను ఎప్పుడు. దేవుడి మీద నమ్మకం లేదన్న సభ్యుడితో ప్రమాణం చేయించవచ్చా లేదా అని సభలో ఎంతెంత గొడవలయ్యాయి. మా తెనాలిలో చదువంటే పైకి చదవడమే. నోరు మెదపకుండా పుస్తకం చూస్తే నిద్రపోతున్నామని మా నాన్న వచ్చి నెత్తిన మొట్టేవారు. అందుకని రోజూ పొద్దున కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని, అన్నం ఉడికేదాకా ఊగుతూ, నాకు అక్షరం అర్థం కాని ఆ చట్టాలన్నిటినీ ఇంగ్లీషులో, మా బడి పంతులుగారి యాసలో, గొంతెత్తి వల్లించేదాన్ని.

గోడ అవతల వాటాలో ఒక ఇంగ్లీషు ముసలి దంపతులు ఉండేవారు. ఆయన రేవులో క్రేన్లు బాగుచేసే మేస్త్రీలకు పెద్ద. స్వదేశంలో ఉద్యోగం అయిపోయాక ఇక్కడికి వచ్చిన మనిషి. మిగతా దొరలందరూ కొండ అవతల కంపెనీ బంగళాల్లో ఉండి సాయంత్రాలు క్లబ్బుకు పోతుంటే, వీళ్ళు తాగరు, ఆడరు, అక్కడ ఇమడలేక మా సందులో సేఠు ఇంట్లో పడ్డారని తర్వాత తెలిసింది. ఆదివారం అక్కడ పనిదినం. ఆయన డ్యూటీకి పోకముందే, సముద్రం మీద వెలుగు సరిగా పడకముందే, గోడ అవతల ఇద్దరూ నిలబడి ఒక పాట పాడేవారు. నేను అప్పుడే స్టవ్వుకు గాలి కొడుతూ ఉండేదాన్ని కాబట్టి ఆ బుస్సుమనే చప్పుడులో పాట మొదలు నాకెప్పుడూ వినపడేది కాదు. మంట నీలంగా తిరిగి చప్పుడు సద్దుమణిగేసరికి పాట రెండో చరణంలో ఉండేది. ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు, ఆవిడ గొంతు సన్నటి దారంలా. వారం వారం వినగా వినగా, మొదలు లేని ఆ పాట నాకు కంఠస్థమైపోయింది.

చెక్క గోడ అటు నుంచి పాట ఇచ్చి ఊరుకుంటుందా, ఇటు నుంచి నా పాఠం కూడా పట్టుకుపోయింది. ఒకరోజు తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. బట్టతలను దాచుకోవడానికన్నట్టు తలకు గుడ్డ కట్టుకున్న పొట్టి ముసలావిడ, చేతిలో బిస్కట్ల డబ్బా. "నువ్వేనా అమ్మాయ్, రోజూ పొద్దున మా తాతను బట్టీ పడుతున్నది?" అంది. నేను గొంతు తగ్గించి చదువుకుంటానని క్షమాపణ చెప్పబోతే, తగ్గించవద్దు, కాస్త సరిగా పలుకు, మా తాతకు చెవుడు ఉండేది అంది. అలా లోపలికి వచ్చింది. పేరు పెట్టి పిలవమంది. మా అత్తగారి వయసు మనిషి, నాకు నోరు రాలేదు. మేడమ్ అంటే ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి ఆంటీ దగ్గర బేరం తెగింది.

తీరా చూస్తే ఆవిడదీ గుడ్డల కొట్టు వాళ్ళ ఇల్లే. ఇంగ్లండు ఉత్తరాన ఉన్ని నేసే ఊరు. వాళ్ళ తాత చిన్నతనంలో, చర్చి పైకప్పు కారుతోందని ఊళ్ళో అందరి మీదా పన్ను వేశారట, ఆ చర్చి గుమ్మం తొక్కని చాపెలు వాళ్ళ మీద కూడా. తాత తండ్రి, నా గుడి కప్పు నేను వేయించుకుంటున్నాను, మీ గుడి కప్పు మీరు వేయించుకోండని కట్టనన్నాడు. బంట్రోతులు వచ్చి కొట్లోంచి ఉన్ని తానులు మోసుకుపోయి సంతలో వేలానికి పెట్టారు. సంత నిండా జనం, ఒక్కరు కూడా పాట పెంచలేదట. అందరూ జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారట. "అంత మంచి ఉన్నికి ఒక్కరూ పాడలేదా?" అని నేను నిజంగానే బాధపడి అడిగితే ఆవిడ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "నువ్వు ఆ సంతలో లేకపోవడం మా అదృష్టం" అంది. ఆ నవ్వులో నేనూ కలిశాను గానీ, మా బజారులో దసరా పందిరికి చందా వసూలు చేసేటప్పుడు మా కొట్టు ముందు కుట్టు మిషను పెట్టుకున్న సాయిబుగారి దగ్గరా తీసుకునేవాళ్ళం, ఆయన ఇచ్చేవాడు, ఇష్టమై ఇచ్చాడో, ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చాడో మా నాన్న అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆ సంగతి ఆవిడకు చెబితే నవ్వలేదు, బిస్కట్ల డబ్బా నావైపు జరిపింది.

తాత సంగతి మరొకటి ఉంది. ఆయన తొలిచూలు బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయింది. చాపెలు వాళ్ళది కాబట్టి ఆ బిడ్డకు సర్కారీ చర్చివారి బాప్తిస్మం నీళ్ళు చల్లలేదు. ఊళ్ళో పూడ్చడానికి ఉన్నది ఒక్క చర్చి ఆవరణే. అక్కడి ఫాదరీ, నీళ్ళు చల్లని బిడ్డకు నేను ప్రార్థన చదవను, మీ బోధకుణ్ణి నా ఆవరణలో నోరు విప్పనివ్వను అన్నాడు. ఒక్క మాట లేకుండా, కుక్కను పూడ్చినట్టు పూడ్చారట. అప్పుడు చాపెలు బోధకుడు బయట బండ్ల బాటలో, రాతి గోడకు అవతల నిలబడి, గోడ మీదుగా గట్టిగా పాట ఎత్తాడట. లోపల తాతా నాయనమ్మా గోడకు ఇవతల నిలబడి అందుకున్నారట. ఆ పద్ధతి మారుస్తామన్నవాళ్ళకే తాత ఓటు వేస్తూ వచ్చాడట; కాలక్రమాన, ఎవరి బోధకుడితో వాళ్ళు పూడ్చుకోవచ్చని చట్టం మారింది. నా పుస్తకంలో అది ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని నేను కొన్ని వందలసార్లు వల్లించి ఉంటాను, దానికి అవతల ఒక గోడ ఉందనీ, గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డారనీ నాకేం తెలుసు.

ఆ తర్వాత ఏడాదిన్నర, నా ఒంటరితనానికి ఒక తోడు దొరికింది. దాన్ని స్నేహమనడానికి కూడా నాకు మొహమాటమే. ఎక్కువసేపు మేము మాట్లాడుకునేవాళ్ళం కాదు, ఆవిడ అల్లిక అల్లుకుంటుంటే నేను బియ్యం ఏరుకునేదాన్ని. సూక్‌కు వెంట వచ్చేది గానీ పనికిరాని జత. వాడు ఎంత చెబితే అంత ఇచ్చేసేది. వాళ్ళ తాత కొట్లో ఒకటే ధరట. ఎక్కువ చెప్పి తగ్గించడం అబద్ధంతో సమానమని వాళ్ళ చాపెలులో నేర్పారట. నా బేరం మొదలుకాగానే, మడి కట్టుకున్న మనిషిలా దూరంగా జరిగి, గొడుగు కిందనుంచి ఓడలు చూసేది.

ఒకరోజు పొద్దున ఆయన రేవులో క్రేను పక్కన ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఆసుపత్రికి చేర్చేసరికి అయిపోయింది. కంపెనీ పెద్ద దొర ఒకాయన, మంచివాడే, హడావిడి మనిషి, వచ్చి అరగంటలో అన్నీ తేల్చేశాడు. ఎండలకు ఆలస్యం పనికిరాదు, రేపు ఉదయమే పూడ్చే చోటికి పడవ, పెట్టె సిద్ధమవుతోంది, ఫాదరీ వస్తాడు, ప్రార్థన ఆయన చదువుతాడు. ఆంటీ అన్నిటికీ తల ఊపింది. ఆయన మెట్లు దిగాక, నా చెయ్యి పట్టుకుని, తన ముసలాయన బతికున్నన్నాళ్ళూ తెల్ల అంగీ వేసుకున్న సర్కారీ చర్చివాడి ముందు తల వంచలేదు, ఇప్పుడు లేవలేని మనిషి మీద వాళ్ళ ప్రార్థన పుస్తకం చదివిస్తే ఆయనకు తాను ఏం జవాబు చెప్పాలి అంది. ఆ పాట ఒక్కటి పాడుకుంటే చాలు, ఇంకేమీ వద్దు. మరి ఆ పెద్దమనిషికి చెప్పలేదేమని అడిగితే, అందరూ ఇంత దయగా చేస్తుంటే నోరు రాలేదంది. "నువ్వు బేరమాడే మనిషివి. నాకీ ఒక్కటి బేరమాడి పెట్టు" అంది. జన్మలో బేరమాడని మనిషి అడిగిన మాట అది. మా ఆయన ఇబ్రాలో ఉన్నారు, కబురు అందే దారి లేదు, నాకు సలహా చెప్పేవాళ్ళు లేరు.

మర్నాడు ఫాదరీ వచ్చేసరికి నేను టీ కాచి, కుర్చీ వేసి, మనసులో మెట్లు పేర్చుకుని కూర్చున్నాను. కొట్టులో పెరిగినవాళ్ళకు తెలిసిన పద్ధతే: మొదట జరగని పని అడగాలి, ఎదుటివాడు ససేమిరా అనాలి, అప్పుడు అయిష్టంగా ఒక మెట్టు దిగినట్టు దిగి మనకు కావలసిన చోట నిలబడాలి. మొదటి మెట్టుగా, మీరసలు రానే వద్దండీ అనేద్దామనుకున్నాను. అక్కడినుంచి, వచ్చినా అంగీ వద్దు, వేసుకున్నా పుస్తకం వద్దు, చదివినా రెండు ముక్కలే, అలా ఎక్కడో ఆవిడ పాటకు చోటు దొరకకపోదని లెక్క. తెనాలి చరిత్రలో నన్ను మించిన బేరగత్తె లేదన్న ధీమాతో, ఆయన గుక్కెడు టీ తాగగానే, మొదటి మెట్టు మీద నిలబడి ఆ మాట అనేశాను.

ఆయన "అలాగే" అన్నాడు.

నేను తెల్లబోయాను. దిగడానికి సిద్ధం చేసుకున్న మెట్లన్నీ అలాగే ఉండిపోయాయి. ఆయన సన్నటి, ఎండకు ముక్కు మీద తోలు ఊడిన మనిషి. కప్పులోకి చూస్తూ, సాధారణంగా ఎవరూ ఏమీ అడగరమ్మా, అడిగేవాళ్ళు లేక పుస్తకం చదువుతాను అన్నాడు. ఆ పైన బేరం తిరగబడి ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టాడు. అంగీ లేకుండా, మామూలు కోటుతో, పడవలో ఒక పక్కన కూర్చుని రావచ్చునా, లోపలికి రాకుండా బయట నిలబడవచ్చునా, నోరు విప్పనని మాట ఇస్తానన్నాడు. ఏ మాట కోసం ఒక దేశం పార్లమెంటు ఏళ్ళ తరబడి కొట్టుకుందో, ఏ మాట కోసం ఆంటీ వాళ్ళ తాత జీవితమంతా ఓటు వేశాడో, ఆ మాటను ఈయన కొసరుగా కరివేపాకు వేసినట్టు నా చేతిలో వేసేశాడు. సంతోషించవలసింది పోయి, ఆ బెండకాయల నాటి వెలితే మళ్ళీ నాకు కలిగింది.

మత్రా నుంచి పడవ నల్లటి కొండల అంచునే చాలాసేపు పోయింది. రోడ్డు లేని ఒక చిన్న ఇసుక మలుపులో, పూర్వం నుంచీ ఓడల వాళ్ళను పూడ్చే చోటు ఉంది. కొండ దిగి వచ్చే మేకలు తవ్వకుండా చుట్టూ నడుమెత్తు రాళ్ళ గోడ. పెట్టెను రేవు పనివాళ్ళు నలుగురు మోశారు. వాళ్ళ వెనక పెద్ద దొర, ఆంటీ నడిచారు. నేను గోడ దగ్గర ఆగిపోయాను. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు శ్మశానంలో అడుగుపెట్టరు. అంత దూరం పడవెక్కి వచ్చినదాన్ని, ఆ రెండు రాళ్ళ మధ్య సందులోంచి లోపలికి పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు. చూస్తే ఫాదరీ కూడా ఇచ్చిన మాట ప్రకారం నా పక్కనే, గోడకు ఇవతల, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెట్టె దించారు. అందరూ ఆంటీ వంక చూశారు. ఆవిడ నోరు కొంచెం తెరిచి నిలబడింది. పాట రాలేదు. అలలు వచ్చి పోతున్నాయి. పెద్ద దొర చేతి గడియారం చూసుకుని, చూసుకున్నందుకు సిగ్గుపడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను ఫాదరీ వంక చూశాను. ఆయనకు ఆ పాట వచ్చని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, కానీ మాట ఇచ్చాడు, పెదవులు బిగించుకుని నావైపే చూస్తున్నాడు, కుదిర్చింది నువ్వే కదా, సరుకు నువ్వే తేవాలి అన్నట్టు.

ఏం ఆలోచించానో నాకు తెలియదు. ఆ రాళ్ళ గోడ మీద చేతులు ఆనించి, గోడ మీదుగా, నాకు వచ్చిన చోటు నుంచే ఎత్తుకున్నాను. నాకు వచ్చింది రెండో చరణమే. శ్రుతి ఎక్కువైపోయింది; ఆ తిన్నని ఇంగ్లీషు స్వరం నా గొంతులో పడి, శ్రావణ శుక్రవారం హారతి పాటలా వంకర్లు తిరిగింది. ఆంటీ తల తిప్పి గోడ వైపు చూసింది. తర్వాత ఆ దారం లాంటి గొంతు వచ్చి నా పాటకు తగులుకుంది. చివరి చరణానికి నేను ఆపేసి ఆవిడనే పాడనిచ్చాను.

పడవ దగ్గరికి దిగుతుంటే పెట్టె మోసిన వాళ్ళలో ఒకడు, చెమట తుడుచుకుంటూ నా బొట్టు చూసి, "అక్కా, మీరు మనోళ్ళేనా? పాట మంచిగ పాడిన్రు" అన్నాడు. మా ఆయన కాక మరొకరు నాతో తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో, గబగబా తల ఊపాను. "గా మతంల కలిసిన్రా ఏంది?" అని అడిగాడు. లేదయ్యా, పక్కింటివాళ్ళం అన్నాను. "గట్లనా. గంతే చాలు తియ్" అని తెడ్డు అందుకున్నాడు.

తిరుగు పడవలో ఆంటీ నా పక్కన కూర్చుంది. మొదటి చరణం నాకు రాదు, స్టవ్వు చప్పుడులో ఎప్పుడూ పోయేది, మధ్యలోంచి పాడి పాడుచేశానని చెప్పాను. ఆవిడ నీళ్ళ వంక చూస్తూ, మొదటి చరణం ఎప్పుడూ ఆయన ఒక్కడే పాడేవాడు, రెండో చరణం నుంచే నేను కలిసేదాన్ని, నువ్వు సరిగ్గా నా వంతు దగ్గరే అందుకున్నావు అంది. అంటే అంతసేపూ పాట రాక నిలబడిందా, ఆయన వంతు పూర్తయ్యేదాకా ఆగి నిలబడిందా? నన్ను ఊరడించడానికి ఆ మాట అందా? ఎదుటివాడి చెప్పులు చూసి మనసు చెప్పేసే నేను, ఆ ఒక్క సంగతీ ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంటికి వచ్చి, గుమ్మం బయటే చెంబుతో నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. తెనాలిలో అయితే పోయడానికి ఎవరో ఒకరు ఉండేవారు.

ఆవిడ ఆ నెలలోనే వెళ్ళిపోయింది. ఆదివారం తెల్లవారుజామున స్టవ్వు సద్దుమణిగేసరికి గోడ అవతల ఏమీ ఉండేది కాదు. నేను నా పాఠాలు మాత్రం గోడవైపు తిరిగి, ఆవిడ నేర్పిన పలుకుబడితో, గొంతు తగ్గించకుండా చదివేదాన్ని. ఆ ఏడు గుంటూరు వెళ్ళి పరీక్ష రాశాను. మతమూ రాజకీయమూ ప్రశ్న వచ్చింది. చట్టాల పేర్లన్నీ పక్కన పెట్టి, ఆ రాతి గోడ గురించీ, బండ్ల బాటలో నిలబడి పాడిన మనిషి గురించీ పేజీలు పేజీలు రాసి వచ్చాను. మార్కులు గిట్టుబాటు కాలేదు. గట్టెక్కానంతే.

పార్కింగులో పాస్టర్లిద్దరూ పోట్లాడుకోలేదు లెండి. ఒకరి తర్వాత ఒకరు, మైకులో, ఎవరికి ఎవరూ తీసిపోకుండా, చక్కగా మాట్లాడారు. ఇప్పుడు ఎవరి నోరూ ఎవరూ మూయరు, గోడ అవతల నిలబడవలసిన అవసరం ఎవరికీ లేదు. మంచిదే, ఆంటీ వాళ్ళ తాత వింటే సంతోషించేవాడు. అన్నదమ్ములు మాత్రం పాట దగ్గర తేలక, ఇద్దరికీ తెలిసిన వేరే పాటేదో పెన్‌డ్రైవులోంచి పెట్టించారు. వాళ్ళమ్మ పాట ఆమెతోనే వెళ్ళిపోయింది. నేను పైకి వచ్చి తలస్నానం చేసి, నర్సమ్మగారి ఫ్లాటుకూ మాకూ మధ్యనున్న హాలు గోడ ముందు కూర్చున్నాను.

ఈ ఫ్లాటు కొనేటప్పుడు మా ఆయన ఉన్నారు. నేను అలవాటుగా వేలి కణుపుతో ఆ గోడను తట్టి, పక్కవాళ్ళ మిక్సీ మోత నాకు వినపడితే ఈ బేరం వద్దేవద్దని లేచి గుమ్మం దాకా వెళ్ళాను. బిల్డరు వెనక్కి పిలిచాడు. పైసా అదనం లేకుండా దాన్ని పడగొట్టించి నిండు ఇటుక మందాన మళ్ళీ కట్టించాడు. ఎంత మంచి గోడ వచ్చిందో అని వచ్చినవాళ్ళందరికీ తట్టి చూపించేదాన్ని.